ఢిల్లీలో ఒక్క రోజు: నాన్నగారికి స్మారకాలు చూపించాలి, దారి చెప్పండి

కాలవగట్టు | నవంబరు 21, రాత్రి 9:40

అందరికీ నమస్కారమండి. మాది పాలకొల్లు పక్క పల్లెటూరు. డిసెంబరు మొదటి వారంలో మా చెల్లెలి కొడుకు మొదటి పుట్టినరోజు, నోయిడాలో. అమ్మనీ నాన్ననీ తీసుకుని రాజమండ్రిలో ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్నాం. ఫంక్షన్ ఆదివారం. మంగళవారం చెల్లెలి అత్తగారు భోజనానికి పిలిచారు, బుధవారం తిరుగు బండి. అంటే ఊరు చూడ్డానికి మిగిలింది ఒక్క సోమవారం, 8వ తేదీ.

నాన్నగారు రిటైరైన సోషల్ మాస్టారు. 76 ఏళ్లు, ఒక మోకాలికి ఆపరేషన్ అయింది. తాజ్‌మహల్ వద్దట, షాపింగ్ వద్దట. స్మారకాలే చూడాలట. రూళ్ల కాయితం మీద నంబర్లు వేసి మరీ రాసిచ్చారు: 1. రాజ్‌ఘాట్ 2. శాంతివనం 3. విజయ్ ఘాట్ 4. శక్తి స్థల్ 5. వీర్ భూమి 6. గాంధీ స్మృతి 7. తీన్ మూర్తి 8. ఇందిరమ్మ ఇల్లు 9. అంబేడ్కర్ గారు పోయిన ఇల్లు 10. ఇండియా గేట్ 11. నేతాజీ విగ్రహం 12. రాష్ట్రీయ సమర్ స్మారక్. ఆఖరి దాని కింద, అదే యుద్ధాల్లో పోయిన సైనికుల స్మారకం కింద, రెండు గీతలు కూడా గీశారు.

ఒక్క రోజులో అవుతాయంటారా?

రాజోలు అల్లుడు | నవంబరు 21, రాత్రి 9:58

అవుతాయండి. పొద్దున్నే కారెక్కి, ఎక్కడా దిగకుండా, కిటికీలోంచి దణ్ణం పెట్టుకుంటూ పోతే సాయంత్రం టీ టైముకి ఇంట్లో ఉంటారు.

కరోల్‌బాగ్ కోడలు | నవంబరు 21, రాత్రి 10:25

అల్లుడుగారి ఎటకారం పక్కన పెట్టి ముందు ఇది వినండి. సోమవారం వద్దు! గాంధీ స్మృతి, తీన్ మూర్తిలోని ప్రధానమంత్రి సంగ్రహాలయం, సఫ్దర్‌జంగ్ రోడ్డులో ఇందిరాగాంధీ ఇల్లు, అలీపూర్ రోడ్డులో అంబేడ్కర్ స్మారకం, అన్నీ సోమవారం సెలవే. ఎర్రకోట కూడా అంతే. మీ నాన్నగారి లిస్టులో నాలుగు అక్కడే పోయాయి.

నేను తణుకు నుంచి వచ్చి 14 ఏళ్లయింది. ఇన్నేళ్లలో మా చుట్టాల్లో ముగ్గురు సోమవారం గాంధీ స్మృతి గేటు ముందు ఫొటో దిగి వెళ్లిపోయారు. అత్తగారి భోజనం సోమవారానికి జరుపుకోండి.

భీమవరం భారతి | నవంబరు 22, ఉదయం 6:50

నా అనుభవం చెప్తాను. రెండేళ్ల క్రితం మేం పది మందిమి ఓ టూరు బస్సు మాట్లాడుకున్నాం, పేరు చెప్పను. 'ఒక్క రోజులో పద్నాలుగు చోట్లు' అన్నాడు. ఎక్కడ దిగినా పావుగంటే, ఆ తర్వాత హారనే. రాజ్‌ఘాట్‌లో చెప్పులు విప్పుకుని, సమాధి దాకా నడిచి, తిరిగొచ్చి చెప్పులు వెతుక్కునేసరికి పావుగంటా అయిపోయింది. కళ్లు మూసుకుని నిలబడే టైము లేదు. దుకాణం దగ్గర మాత్రం గంటన్నర ఆపాడు, శాలువాలు కొనుక్కోమని. చివరికి నాకు గుర్తున్నది శాలువాల కొట్టే. పెద్దవాళ్లతో వెళ్తున్నారు కాబట్టి నాలుగంటే నాలుగే చూడండి.

లైబ్రరీ మాస్టారు | నవంబరు 22, ఉదయం 8:15

భారతిగారి మాటే నాదీను. 1 నుంచి 5 దాకా అన్నీ యమున ఒడ్డున వరసగా ఉన్న సమాధులు. నెహ్రూది శాంతివనం, శాస్త్రిది విజయ్ ఘాట్, ఇందిరది శక్తి స్థల్, రాజీవ్‌ది వీర్ భూమి. అటల్ గారి 'సదైవ్ అటల్' కూడా అక్కడే. మ్యాపులో పక్కపక్కనే కనపడతాయి గానీ ఒక్కోటీ ఒక తోట, లోపల నడక ఉంటుంది. ఆపరేషనైన మోకాలితో అయ్యే పని కాదు. రాజ్‌ఘాట్ ఒక్కటీ దిగి చూసి మిగతావి దారిలో చూపించెయ్యండి.

మీ నాన్నగారు సోషల్ మాస్టారన్నారు కాబట్టి ఒకటి చెప్తాను. తీన్ మూర్తి కూడలిలో ఉన్న ముగ్గురు సైనికులూ మైసూరు, జోధ్‌పూరు, హైదరాబాదు సంస్థానాల రౌతులు. మొదటి ప్రపంచయుద్ధంలో 1918లో హైఫా దాకా వెళ్లారు. ఆ ముగ్గురి వల్లే నెహ్రూ గారున్న ఆ ఇంటికి తీన్ మూర్తి అని పేరు. 2018లో కూడలి పేరుకి హైఫా చేర్చారు. ఆటోలోంచి చూసినా చాలు, టిక్కెట్టు అక్కర్లేదు.

కోనసీమ కుర్రోడు | నవంబరు 22, మధ్యాహ్నం 1:05

తొమ్మిదోది కొట్టెయ్యొద్దండి. 26 అలీపూర్ రోడ్డు. 1951లో మంత్రి పదవికి రాజీనామా చేశాక బాబాసాహెబ్ ఉన్నదీ, 1956 డిసెంబరు 6న కన్నుమూసిందీ అక్కడే. కొత్త కట్టడం 2018 ఏప్రిల్‌లో తెరిచారు, దూరం నుంచి చూస్తే తెరిచిపెట్టిన పుస్తకంలా ఉంటుంది. ఆ పుస్తకం రాజ్యాంగం. మా జిల్లా పేరులో ఉన్న మనిషి చివరి రోజుల్లో ఎక్కడున్నాడో చూద్దామని వెళ్లాను. మధ్యాహ్నం దాటినా బయటికి రాబుద్ధి కాలేదు.

కరోల్‌బాగ్ కోడలు | నవంబరు 22, మధ్యాహ్నం 1:30

కుర్రోడుగారూ, తప్పక చూడాల్సిందే, కాదనను. అయితే అది సివిల్ లైన్స్‌లో, ఊరికి ఉత్తరాన. ఇండియా గేట్ వైపు రోజంతా తిరిగే పెద్దాయనకి అదీ కలిపితే రెంటికీ అన్యాయం. సోమవారం భోజనం తొందరగా అయితే... అయ్యో, సోమవారం సెలవు కదా. ఈసారికి వదిలెయ్యాల్సిందే.

పూతరేకు | నవంబరు 22, రాత్రి 8:12

ఇన్ని ఘాట్లు చెప్పారు, మన పీవీ ఏరండీ? ప్రధానిగా అయిదేళ్లు చేసిన తెలుగాయనకి యమున ఒడ్డున చోటు లేదా?

లైబ్రరీ మాస్టారు | నవంబరు 22, రాత్రి 8:40

2004 డిసెంబరు 23న ఢిల్లీలో పోయారు, అంత్యక్రియలు హైదరాబాదులో జరిగాయి. సమాధి నెక్లెస్ రోడ్డులో ఉంది. ఢిల్లీలో యమున ఒడ్డునే ఏక్తా స్థల్ దగ్గర 2015లో స్మారకం కట్టారు. 2024లో భారతరత్న వచ్చింది. తీన్ మూర్తి సంగ్రహాలయంలో అందరు ప్రధానులతో పాటు ఆయనకీ గది ఉంది.

పూతరేకు | నవంబరు 22, రాత్రి 8:44

అంత్యక్రియలు అక్కడెందుకు జరగలేదో కూడా చెప్పండి మరి.

రాజోలు అల్లుడు | నవంబరు 22, రాత్రి 8:47

వచ్చింది రా గొడవ. పాప్‌కార్న్ తెచ్చుకుంటా.

నిర్వాహకులు | నవంబరు 22, రాత్రి 9:30

ఈ మధ్యలో వచ్చిన 23 వ్యాఖ్యలు తీసేశాం. పెద్దాయన్ని ఊరు చూపించడానికి తెరిచిన చర్చ ఇది. పార్టీల లెక్కలు వేరేచోట తేల్చుకోండి.

కాలవగట్టు | నవంబరు 23, రాత్రి 10:05

అందరికీ ధన్యవాదాలండి. భోజనం సోమవారానికి జరిపాం, ఊరు చూడ్డం మంగళవారం 9న.

ఇవాళ నాన్నగారి దగ్గర కూర్చుని లిస్టు తగ్గించమన్నాను. ఎరుపు బాల్‌పెన్ను తీసి, పేపర్లు దిద్దినట్టు, ఒక్కోటీ కొట్టేసుకుంటూ వచ్చారు. 12, సమర్ స్మారక్, మాత్రం ముట్టుకోలేదు. ఎందుకని అడిగితే అప్పుడు చెప్పారు. నాకు 44 ఏళ్లు. ఈ సంగతి నాకిన్నాళ్లూ తెలీదు.

నాన్నగారి చిన్నప్పటి చదువు అమ్మమ్మగారి ఊళ్లో, రాజోలు వైపు. చించినాడ వంతెన లేని రోజులు, పంటు మీద గోదారి దాటి వెళ్లేవారట. అక్కడ ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితుడొకాయన మద్రాస్ సాపర్స్‌లో, అంటే సైన్యంలోని ఇంజనీర్ల దళంలో, చేరారు. 71 యుద్ధంలో పోయారు. ఇంటికి టెలిగ్రాం వచ్చింది. కొన్నాళ్లకి బస్సు టాపు మీద ఓ నల్ల ట్రంకు పెట్టె వచ్చింది. దింపుకున్నది నాన్నగారే. రెండు జతల బట్టలు, గడ్డం గీసుకునే సామాను, ఇంట్లోవాళ్లు రాసిన ఉత్తరాల కట్ట. మనిషి మాత్రం రాలేదు.

బడి ఆవరణలో ఊరివాళ్లు సిమెంటు దిమ్మ ఒకటి కట్టి పేరు చెక్కించారు. వానలకి అక్షరాలు అరిగిపోయాయి. 1996 నవంబరు తుపానుకి చెట్టు పడి దిమ్మే విరిగింది. మళ్లీ ఎవరూ కట్టలేదు. ఢిల్లీలో అందరి పేర్లూ రాశారని పేపర్లో చదివినప్పటి నుంచీ నాన్నగారి మనసులో ఉందట. ఆ స్నేహితుడి చెల్లెలు ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉన్నారు.

పేరు ఇక్కడ రాయను, వాళ్లింట్లో అడగలేదు. ఆ స్మారకం గోడ మీద ఒక పేరు ఎలా వెతుక్కోవాలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

మిలటరీ బాబాయ్ | నవంబరు 24, ఉదయం 5:20

కాలవగట్టు గారూ, మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలటరీ మాధవరం అంటారు, వినే ఉంటారు. మా తాత, మా నాన్న, నేను, మా అబ్బాయి. నేను హవల్దారుగా దిగిపోయాను.

శవం రాకపోవడం మీ వాళ్లొక్కరి సంగతే కాదు. ఆ రోజుల్లో పోయినవాళ్లని అక్కడే, యూనిట్ వాళ్లే దహనం చేసేవారు. ఇంటికి సామాను వచ్చేది. జెండా కప్పిన పెట్టెలు ఊళ్లకి రావడం మనమంతా చూసింది 1999లో, కార్గిల్ అప్పుడు. అందుకే 62కీ 65కీ 71కీ చెందిన ఇళ్లకి ఆ గోడ మీద రాయే అన్నీను.

స్మారకం సంగతి. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైంది. ఇండియా గేట్ వెనక 40 ఎకరాలు. ఒకదాని చుట్టూ ఒకటి నాలుగు చక్రాలు. అన్నిటికీ లోపల అమర్ చక్ర, అందులో 15.5 మీటర్ల స్తంభం, దాని కింద జ్యోతి. ఇండియా గేట్ కింద 1972 నుంచి వెలిగిన అమర్ జవాన్ జ్యోతిని 2022 జనవరిలో ఈ జ్యోతిలోనే కలిపారు. దాని చుట్టూ వీరతా చక్ర, ఆరు యుద్ధ ఘట్టాలు కంచులో పోతపోసి ఉంటాయి. దాని బయట త్యాగ చక్ర. మీరు వెళ్లాల్సింది అక్కడికే. పదహారు గోడలు, ఇటుక పేర్చినట్టు గ్రానైటు పలకలు, పలకకి ఒక పేరు. పాతిక వేల పైచిలుకు. అన్నిటికీ బయట రక్షక్ చక్ర, అవి చెట్లు, కాపలా నిలబడ్డట్టు.

పేరు వెతకడానికి స్మారకం వెబ్‌సైటు ఉంది, లోపల తెరలూ ఉన్నాయి. ఒక్క మాట. ఇంటిపేరుతో వెతక్కండి. మన ఇంటిపేర్లు సైన్యం కాగితాల్లో ఒకోసారి పొడి అక్షరమై పోతాయి, ఒకోసారి మాయమే అయిపోతాయి. రిక్రూటింగ్ రోజున గుమస్తా చెవికి ఏది వినపడితే అదే మన పేరు. నేను సర్వీసంతా ఒక 'వెంకట' పోగొట్టుకుని బతికాను.

16వ తేదీ విజయ్ దివస్. ఆ రోజు పెద్దపెద్దవాళ్లు పూలు పెట్టడానికి వస్తారు, హడావిడి. మీది 9 కాబట్టి పర్లేదు.

కరోల్‌బాగ్ కోడలు | నవంబరు 24, ఉదయం 9:10

పేరూ ఊరూ నాకు మెసేజ్ పెట్టండి. ఈ శనివారం పిల్లల్ని తీసుకుని ఎలాగూ ఇండియా గేట్ వైపు వెళ్తున్నాం. వెతికి చూస్తాను.

కరోల్‌బాగ్ కోడలు | నవంబరు 29, రాత్రి 7:50

దొరికిందండి!

ఇంటిపేరుతో కొడితే లేదు. అసలు పేరుతో కొడితే లేదు. మా వారు వెళ్దాం పద అంటున్నారు, పిల్లలు ఐస్‌క్రీం అని ఒకటే గోల. చివరికి బాబాయ్‌గారి మాట గుర్తొచ్చి పేరు చివరి 'రావు' ఒక్కటే కొట్టి, సాపర్ అన్నవాళ్లందర్నీ ఒక్కొక్కళ్లనీ చూసుకుంటూ వెళ్లాను. 'రావు'ని ఇంటిపేరు అనుకుని విడగొట్టి, మధ్యలో రెండక్షరాలు మింగేశారు. ఊరూ సంవత్సరమూ మీరు చెప్పినవే. గోడ దగ్గరికెళ్లి కళ్లతో చూశాను. ఫొటో కావాలనే తియ్యలేదు. మొదట మీ నాన్నగారు చూడాలి కదా. గోడ ఏదో మెసేజ్‌లో పెట్టాను.

మిలటరీ బాబాయ్ | నవంబరు 29, రాత్రి 8:02

బంగారు తల్లీ, నూరేళ్లు చల్లగా ఉండు.

రాజోలు అల్లుడు | నవంబరు 29, రాత్రి 8:15

మా ఊరి వైపు మనిషండీ. మాకెవరికీ తెలీదు. నోరు మూసుకుని కూర్చున్నాను.

పూతరేకు | నవంబరు 29, రాత్రి 8:21

అల్లుడు నోరు మూసుకున్న తేదీ రాసిపెట్టుకోండెవరైనా.

కాలవగట్టు | డిసెంబరు 12, మధ్యాహ్నం 3:30

నిన్న రాత్రి ఇంటికి చేరాం. బండి పొగమంచుకి నాలుగ్గంటలు ఆలస్యం. రాసినంత రాస్తాను.

మంగళవారం పొద్దున్నే నోయిడా నుంచి బ్లూ లైన్‌లో మండీ హౌస్, అక్కడ వయొలెట్ లైన్‌కి మారి ఢిల్లీ గేట్‌లో దిగాం. అక్కణ్ణుంచి ఆటో. అమ్మ మూడు స్వెట్టర్లు, నాన్నగారు మంకీ క్యాపు. సంక్రాంతి చలికే మనం వణికిపోతాం, అక్కడి చలి సంగతి చెప్పక్కర్లేదు. రాజ్‌ఘాట్‌లో చెప్పులు విప్పి రాయి మీద కాలు పెడితే జివ్వుమంది. మంచులో ఆ నల్లరాతి వేదిక ముందు కనపడలేదు, దీపం కనపడింది. దగ్గరికెళ్తే 'హే రామ్' అన్న అక్షరాలు, పైన బంతిపూలు. కప్పూ లేదు, గుడీ లేదు. అమ్మ మూడుసార్లు చుట్టూ తిరిగి దణ్ణం పెట్టుకుంది.

పదింటికి గాంధీ స్మృతి. ఇక్కడ నాన్నగారికి కోపం వచ్చింది. దహనమైన చోటు ముందు చూపించి, చనిపోయిన చోటుకి తర్వాత తీసుకొచ్చావు, చరిత్ర తిరగేసి చదివిస్తావా అని. నిజమే, తెరిచే టైముల ప్రకారం వేసుకున్నాను గానీ ఆ ఆలోచన నాకు రాలేదు.

అది బిర్లాల ఇల్లు. గాంధీగారు చివరి 144 రోజులూ అక్కడే ఉన్నారు. గదిలో నేల మీద పరుపు, చేతికర్ర, కళ్లజోడు. గది నుంచి తోటలోకి, ప్రార్థన స్థలం దాకా ఆయన ఆఖరి అడుగులు సిమెంటులో పోసి పెట్టారు. నాన్నగారు వాటి పక్కనే, వాటి మీద పడకుండా, అడుగుకి అడుగు వేసుకుంటూ నడిచారు. మోకాలి వల్ల మెల్లిగా నడుస్తున్నారనుకున్నాను. కాదు, పాఠం చెప్తున్నారు. ఆవేళ పటేల్‌తో మాటల్లో పడి ప్రార్థనకి పది నిమిషాలు ఆలస్యమైందనీ, ఆలస్యమంటే ఆయనకి గిట్టదు కాబట్టి గబగబా నడిచాడనీ, ఈ అడుగులు తొందరలో ఉన్న మనిషివనీ చెప్పారు. అవి ఆగిపోయిన చోట మంటపం, టైము 5 గంటల 17 నిమిషాలు. మా వెనకే వస్తున్న బడిపిల్లలకి తెలుగు రాదు. అయినా నాలుగడుగులు మాతోనే నడిచారు.

భోజనం ఆంధ్రాభవన్‌లో. క్యూ ఉంది, పెద్దవాళ్లని చూసి ముందుకి పంపించారు. పప్పు, గోంగూర, కందిపొడి, నెయ్యి. మూడు రోజులుగా రొట్టెలు తిన్న నాన్నగారు మారు మాట్లాడకుండా రెండుసార్లు అన్నం పెట్టించుకున్నారు. పులుసులో బెల్లం తక్కువైందని అమ్మ తీర్పు.

అక్కణ్ణుంచి ఇండియా గేట్ నడిచే దూరమే. 42 మీటర్లు. మొదటి ప్రపంచయుద్ధంలోనూ, తర్వాత అఫ్గాన్ సరిహద్దులోనూ తెల్లదొరల తరఫున పోయిన మనవాళ్ల కోసం కట్టింది, లుట్యెన్స్ గీసిన నమూనా, 1931లో పూర్తి. దాని మీద కూడా 13 వేల పైచిలుకు పేర్లున్నాయి. చాలావరకు పైన ఉన్నాయి, మెడ నొప్పెట్టేలా చూసినా చదవలేం. వెనక గొడుగులాంటి మంటపంలో ఒకప్పుడు అయిదో జార్జి ఉండేవాడు, 1968లో తీసేశారు. ఇప్పుడు నేతాజీ, 28 అడుగులు, 2022 సెప్టెంబరులో పెట్టారు. ఆ నల్లరాయి ఎక్కడిదో తెలుసాండీ? ఖమ్మం! 280 టన్నుల ఒకే బండ, 140 చక్రాల లారీ మీద 1665 కిలోమీటర్లు వచ్చింది. మైసూరు శిల్పి అరుణ్ యోగిరాజ్ బృందం చెక్కింది. ఈ ముక్క చెప్పగానే అమ్మ ఆ రాయిని మన చుట్టాన్ని చూసినట్టు చూసింది.

కాలవగట్టు | డిసెంబరు 12, సాయంత్రం 4:45

(పొలం నుంచి ఫోనొస్తే వెళ్లాను. మిగతాది.)

సమర్ స్మారక్‌లోకి రెండున్నరకి వెళ్లాం. టిక్కెట్టు లేదు. త్యాగ చక్ర గోడలు వంపు తిరిగి ఉంటాయి, వాటి మధ్య నడుస్తుంటే ముందేముందో కనపడదు. అన్నీ బంగారు రంగు అక్షరాలు. కోడలుగారు చెప్పిన గోడ దగ్గరికి వచ్చాక నేను వెతకడం మొదలెట్టాను. నాన్నగారు నన్ను పక్కకి జరగమన్నారు. కింది వరస నుంచి, వేలు గాల్లో పెట్టి, ఒక్కో పేరూ చదువుకుంటూ వచ్చారు. పైకి అనట్లేదు గానీ పెదాలు కదులుతున్నాయి. పది నిమిషాలైంది. అమ్మ కూర్చోడానికి చోటు వెతుక్కుంటోంది.

దొరికింది. కళ్లకి కాస్త ఎత్తులో. చూశారు. కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్లీ చూశారు. ఏడుస్తారేమో అనుకుని భుజం మీద చెయ్యి వేశాను.

"తప్పు రాశార్రా" అన్నారు.

నిజంగానే తప్పు. రెండక్షరాలు లేవు, రావు విడిపోయింది. పక్కన డ్యూటీలో ఉన్న కుర్రాడు, పాతికేళ్లుంటాయేమో, దగ్గరికొచ్చాడు. నాన్నగారికి హిందీ రాదు. పంతుళ్ల ఇంగ్లీషులో అసలు పేరేంటో, ఎక్కడ విరగ్గొట్టకూడదో చెప్పడం మొదలెట్టారు. ఆ కుర్రాడికి ఎంత అర్థమైందో నాకు తెలీదు. నిటారుగా నిలబడి అంతా విన్నాడు. అయ్యాక, మీకేమవుతారు అని హిందీలో అడిగాడు. ఒకే బెంచీ అని నేను చెప్పాను. వాడు నాన్నగారికి సెల్యూట్ కొట్టి వెళ్లాడు. అప్పుడు చెమ్మగిల్లాయి నాన్నగారి కళ్లు, అంతకుముందు కాదు.

తర్వాత ఆ పలక కింద నుంచి ఎన్నో వరస, పక్క నుంచి ఎన్నోది అని లెక్కపెట్టి జేబు పుస్తకంలో రాసుకున్నారు. నన్ను ఫొటో తియ్యమన్నారు, ఆయన లేకుండా. పైకి చూశారు. ఆకాశం. మేం బయల్దేరే ముందు రోజు ఆ స్నేహితుడి చెల్లెలుగారు చించినాడ దాటి మా ఇంటికొచ్చి, ఒక్క మాట అడిగి వెళ్లారు: "అన్నయ్యా, అక్కడ పైన కప్పుంటదా? వాన తగులుద్దా?"

సాయంత్రం దాకా ఉన్నాం. పొద్దుగుంకే వేళ అక్కడ రోజూ ఒక అమరుడి ఇంటివాళ్లతో పూలదండ పెట్టిస్తారు. ఆవేళ ఒకావిడ వచ్చింది, పక్కన పదేళ్ల పిల్ల. బ్యాండు, బిగిల్, జెండా దింపడం. అమ్మ ఆ పిల్లనే చూస్తూ కూర్చుంది. పరమవీరచక్ర పొందిన 21 మంది విగ్రహాల వైపు వెళ్లనేలేదు. తీన్ మూర్తికీ వెళ్లలేదు. చీకటి పడ్డాక ఆటోలో ఎవరం మాట్లాడలేదు, నోయిడా వెళ్లాక అమ్మ మాత్రం పులుసు గురించి చెల్లెలికి మళ్లీ చెప్పింది.

భీమవరం భారతి | డిసెంబరు 12, సాయంత్రం 5:20

ఆఫీసులో చదివాను. మా మేనేజరు ఏమైందమ్మా అని అడిగాడు, జలుబన్నాను.

మిలటరీ బాబాయ్ | డిసెంబరు 12, సాయంత్రం 6:00

ఆ కుర్రాడికి అంతా అర్థమయ్యే ఉంటుంది లెండి.

పేరు తప్పు సంగతి వదలొద్దు. సర్వీసు కాగితాలో, పెన్షన్ పుస్తకమో, టెలిగ్రామో, ఆ ఇంట్లో ఏదో ఒకటి ఉంటుంది. వాటి నకళ్లతో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అర్జీ పెట్టించండి. మారుతుందని మాటివ్వను. అడిగినట్టు కాగితమైనా ఉంటుంది. అర్జీ నేను రాసిస్తాను.

కోనసీమ కుర్రోడు | డిసెంబరు 12, రాత్రి 7:40

బడిలో దిమ్మ గురించి. మేం కుర్రాళ్లం పది మందిమి ఉన్నాం. సిమెంటు కాదు, గ్రానైటే వేయిద్దాం. ఊరివాళ్లూ, ఆ ఇంటివాళ్లూ సరే అంటేనే.

రాజోలు అల్లుడు | డిసెంబరు 12, రాత్రి 7:52

రాయి నా ఖర్చు. ఖమ్మం నుంచే తెప్పిద్దాం, 140 చక్రాలు అక్కర్లేదు, మా బావమరిది ట్రాక్టరుంది.

లైబ్రరీ మాస్టారు | డిసెంబరు 12, రాత్రి 9:15

చెల్లెలుగారికి ఏం చెప్పారు, వాన సంగతి?

కాలవగట్టు | డిసెంబరు 13, ఉదయం 7:05

నిన్న సాయంత్రమే తీసుకెళ్లాను నాన్నగారిని. తగులుతుందమ్మా, పైన కప్పు లేదు అన్నారు. గాంధీగారికీ లేదు అన్నారు. ఆవిడ ఫోనులో ఫొటో చాలాసేపు చూసి, పెద్దది చేసి ఇమ్మన్నారు.

పాలకొల్లులో ఎక్కడ బాగా వేస్తారు? లామినేషన్ చేయించనా, ఫ్రేమా?

పూతరేకు | డిసెంబరు 13, ఉదయం 7:30

లామినేషన్ వద్దండి. గోదారి చెమ్మకి రెండో వానాకాలానికే అంచులు లేస్తాయి, మా పెళ్లి ఫొటో సాక్షి. ఫ్రేమే కట్టించండి, వెనక అట్ట కాదు, ఫోమ్ షీటు వెయ్యమనండి. గోడకి ఆనకుండా నాలుగు మూలలా రబ్బరు బుడిపెలు పెట్టించండి.

కాలవగట్టు | డిసెంబరు 14, రాత్రి 8:20

ఇచ్చేశానండి, బుధవారం ఇస్తానన్నాడు. రబ్బరు బుడిపెలతో సహా. ఫొటో కింద పేరు వేయిస్తున్నాం, తెలుగులో. నాన్నగారు స్వయంగా కాయితం మీద రాసిచ్చారు. 'రావు' కలిపి.